చెరువు బురదలో అగ్గిపుల్ల

మదనపల్లెలో ఒక బడిలో సైన్సు టీచరును నేను. ఏటా ఒక రోజు మార్ష్ గ్యాస్ గురించి చెప్పాల్సి వస్తుంది. చెరువు అడుగున ఆకూ అలమూ గాలి తగలకుండా కుళ్లితే పుట్టే మీథేన్‌కు ఆ పేరు. పేడ గుంతలో మనం పుట్టిస్తే గోబర్ గ్యాస్ అంటాం, చిత్తడి నేలలో తనంతట తానే పుడితే మార్ష్ గ్యాస్ అంటాం. రెండూ మండేవే. "కొరివిదయ్యమంటే ఇదే పిల్లలూ, దయ్యం లేదు గియ్యం లేదు" అని ముగించి, పెద్ద తెలివైనదానిలా సుద్దముక్క కింద పెట్టేదాన్ని.

పోయినేడు ఒక పిల్ల లేచి, "గ్యాస్ సరే మేడం, దాన్ని ముట్టించేదెవరు?" అని అడిగింది.

చూసి చెబుతానన్నాను. ఆ ఆదివారం గాజుసీసా తీసుకుని చెరువుకు పోయాను. నీళ్లు నింపిన సీసాను నీటిలోనే బోర్లించి, మూతికి గరాటు పెట్టి, కింద బురదను కర్రతో కెలికాను. బుడగలు సీసాలోకి ఎక్కాయి. గట్టున కూర్చుని ఎంతసేపు చూసినా బురద మీద ఏ మంటా లేవలేదు. సీసా మూతి దగ్గర అగ్గిపుల్ల గీశాక గుప్పున నీలంగా అంటుకుంది. అలాంటి మంటను అంతకుముందు ఒక్కసారే చూశాను, తొమ్మిదేళ్ల వయసులో.

మాది పుంగనూరు పక్క పల్లె. మా మేనత్తకు పెళ్లప్పుడు పసుపుకుంకుమ కింద చెరువు అంచున ఒక మడి ఇచ్చారు. పసుపుకుంకుమ భూమి ఆడబిడ్డది, అన్నదమ్ములు దాని మీద కన్ను వేయకూడదు. మామ పోయాక అత్త తిరిగొచ్చి ఆ మడి గట్టునే గుడిసె వేసుకుని వంకాయలూ కనకాంబరాలూ పెట్టుకుంది. బడి వదలగానే నా పరుగు ఇంటికి కాదు, ఆ గుడిసెకే. జడలో పూలు పెట్టనిదే ఆమె నన్ను పంపేది కాదు.

ఒకనాడు పొద్దు గూకాక నాయన నన్ను చెరువు కట్ట మీద నిలబెట్టి, "ఈడే ఉండు పాపా, ఎద్దు ఆ పక్కకు పోయిండాది, తోలుకొస్తా" అని దిగిపోయాడు. కాసేపటికి అత్త మడి పక్క బురదలో నీలంగా ఒక మంట లేచి ఆరింది. ఇంకాస్త అవతల మళ్లీ లేచింది. నేను ఏడుపు లంకించుకున్నాను. నాయన మోకాళ్ల దాకా బురదతో వచ్చి నన్నెత్తుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఎద్దు కొట్టంలోనే ఉంది. అదే వచ్చేసిందిలే అన్నాడు.

మరునాడు నన్ను అత్త ముందు నిలబెట్టి, అరచేతిలో కర్పూరం వెలిగించి ఆర్పమన్నాడు. కర్పూరం ఆర్పి అబద్ధం చెబితే కళ్లు పోతాయని మా వాళ్ల నమ్మకం. నేను ఆర్పి, చూసింది చూసినట్టు చెప్పాను. "పసిబిడ్డ నోట అబద్ధం రాదు. నీ మొగుడు కొరివిదయ్యమై ఈడే తిరుగుతాండాడు" అన్నాడు నాయన. నెల తిరక్కుండా అత్త కుప్పంలో ఒక హాస్టల్లో వంటపనికి వెళ్లిపోయింది. మడి చూసుకుంటానన్న నాయన ఇప్పటికీ చూసుకుంటూనే ఉన్నాడు.

నాయన బీడీ తాగడు. మరి ఆ రోజు ఆయన చొక్కా జేబులో బురదంటిన అగ్గిపెట్టె ఎందుకుందని అమ్మ గొణగడం నాకు ముప్పయ్యేళ్ల తరువాత గుర్తొచ్చింది. మా పెరట్లో గోబర్ గ్యాస్ గుంత ఉండేది. ఆ గ్యాస్ సంగతి పల్లెలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

నేరుగా పుంగనూరు బస్సెక్కాను. నాయన అదే మడిలో టమాటా మొక్కలకు కట్టెలు నాటుతున్నాడు. "ఆ మంట నువ్వు పెట్టిందే కదా నాయనా" అన్నాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించి ఉంటే బాగుండేది.

"ఒంటి ఆడమనిసి, ఆ బురదలో యాల ఉండాల? దానికి మంచే సేసినా. నువ్వు సదువుకునింది మాత్రం దేని మింద? ఈ మడి మిందే కదా" అన్నాడు, కట్టె నాటడం ఆపకుండానే.

వెనక్కి తిరిగి గట్టెక్కాను. కంచే చేను మేసిందని ఎవరితో చెప్పుకోను, ఆ చేని గింజలు తినే నేను పెరిగితే?

పై ఆదివారం కుప్పం వెళ్లాను. అత్త హాస్టల్ వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని మార్ష్ గ్యాస్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను.

"అంతట అదే అంటుకోదా?" అని అడిగింది.

"అంటుకోదత్తా. ఎవరో ఒకరు అగ్గి పెట్టాల."

ఆమె చేతులు ఆగాయి. "మా యన్నకు బీడీ గూడా అలవాటు లేదే" అంది.

నేను ఏడ్చేశాను. నా మాట నమ్మి, భయపడి మడి వదులుకున్నావు కదత్తా అన్నాను.

"నాకేం భయమమ్మా? వచ్చేది నా మొగుడే కదా, వస్తే రానీ అనుకుంటి. నువ్వు దినామూ ఆడికే వస్తాంటివి. బిడ్డను పట్టుకుంటే ఏం సేస్తావని మీ నాయన అడిగె. నేను ఆడుంటే నువ్వు రాక మానవు. అందుకే ఇడిసిపెట్టి వస్తి" అని, కొంగుతో నా ముఖం తుడిచింది.

నాయన నన్ను సాక్షిగా వాడుకున్నాడనే అనుకుంటూ వచ్చాను. ఎరగా వాడుకున్నాడని ఆ వంటింట్లో తెలిసింది.