గడియారాలాయన అయిదింటికి లేచాడు

ఊళ్లో సగం గోడ గడియారాలు ఆయన చెయ్యి పడి నడుస్తున్నవే. అలాంటి మనిషికి తెల్లవారేది మాత్రం ఎనిమిదింటికి. మిన్ను విరిగి మీద పడ్డా అంతకు ముందు లేచేవాడు కాదు. ఇరవై ఏడేళ్ల కాపురంలో భార్య ఎన్ని రకాలుగా లేపి చూసిందో చెప్పలేం. గిన్నెలు మోగించింది, దుప్పటి లాగేసింది, చివరికి ఆయన బాగుచేసిన అలారం గడియారాన్నే తలగడ కింద పెట్టింది. ఆయన నిద్రలోనే దాని నోరు నొక్కి, పక్కకి తిరిగి పడుకున్నాడు.

ఆ మనిషి ఒక సోమవారం అయిదింటికి తనంత తానే లేచాడు. మర్నాడూ లేచాడు. వారం తిరిగేసరికి వంటింటి అల్మరా తలుపు మీద ఒక కాగితం అంటించాడు. లేవగానే గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాలు ఒళ్లు వంచడం, గంటసేపు నడక, వచ్చాక డైరీ.

"ఏంటండీ ఇది?" అంది ఆవిడ.

"పొద్దున్నే లేస్తే రోజంతా హుషారుగా ఉంటుందట. ఫోన్లో ఎవరో చెప్పాడు."

"నేను ఇరవై ఏడేళ్ల నుంచి చెప్తున్నాగా!"

"నువ్వు లెమ్మన్నావు గానీ హుషారు సంగతి చెప్పలేదు," అని ఆయన నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆవిడ దర్జీ. వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. ఆ పేరు సగం పనితనానికి, సగం నోటికి. మనిషి గుమ్మంలో నిలబడగానే ఛాతీ ఎంతో నడుము ఎంతో చెప్పేస్తుంది. పొట్ట బిగబట్టి సన్నగా కనబడాలనుకునేవాళ్లని ఊపిరి వదిలేదాకా టేపు పట్టుకుని అలాగే నిలబెడుతుంది. అలాంటి మనిషి దగ్గర మొగుడు ఏం దాచగలడు? ఏదో దాస్తున్నాడని మాత్రం రెండో వారానికే ఆవిడకి గట్టిగా అనిపించింది.

ముందుగా ఆ చీకటి. నడకకి పోయేవాడు లైటు వేసుకోడేం? అడిగితే "నీ నిద్ర పాడవుతుందని" అన్నాడు. అర్ధరాత్రి దాకా రేడియో మోగించిన మనిషికి ఇప్పుడు పెళ్లాం నిద్ర మీద ఎక్కడ లేని దయ పుట్టుకొచ్చింది! గడ్డం కూడా చీకట్లోనే గీసుకుంటున్నాడు. నీళ్ల గదిలోంచి బ్లేడు చప్పుడు వినిపిస్తుంది, తలుపు కింద వెలుతురు ఉండదు. దొంగపని కాకపోతే అద్దంలో తన మొహం తను చూసుకోవడానికి అంత సిగ్గెందుకు? ఒకరోజు మోకాలి కింద చర్మం దోక్కుపోయి వచ్చాడు. "ఎవరింటి గోడ దూకారు?" అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకే ఆవిడ ఒళ్లు మండింది.

తర్వాత మిషన్ గొడవ. కుట్టుమిషన్ పడగ్గదిలోనే ఓ మూలన ఉంది. అక్కడ పగలు కూడా వెలుతురు చాలదు. కిటికీ పక్కకి జరిపిద్దామని ఆవిడ అంటే, ఎన్నడూ గొంతెత్తని మనిషి ఒంటికాలి మీద లేచాడు.

"దాన్ని కదపడానికి వీల్లేదు! ఎక్కడున్నది అక్కడే ఉండాలి!"

"మీ సొమ్మేం పోయింది? కళ్లు పోయేది నావి కదా!"

ఆయన తేలు కుట్టిన దొంగలా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒక తెల్లవారుజామున అవసరం పని ఉండి ఆవిడ మిషన్ ముందు కూర్చుంది. ఆయన మంచం దిగి, నిద్రమత్తులోలాగా కళ్లు మూసుకునే నేరుగా వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే నిలబడి వెళ్లాడు. పెళ్లయిన కొత్తలో కూడా లేని మురిపెం ఇది. తప్పు చేసినవాడే ఇలా మంచిగా ఉంటాడని ఆవిడ ఆ రోజంతా సూదులు విరగ్గొట్టుకుంది.

కింది అంతస్తులో బట్టలు ఇస్త్రీ చేసే అక్క ఊరుకునే రకమా? పెట్టె పక్కన పెట్టి మరీ ఆజ్యం పోసింది.

"చెల్లీ, నేను చెప్పకూడదు గానీ, చేతి గడియారాలు బాగుచేయడం మానేశాడట మీ ఆయన. మా తమ్ముడు తీసుకెళ్తే గోడ గడియారాలే చూస్తానన్నాడట. పని మీద మనసు లేదంటే ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

ఆ సాయంత్రమే కత్తెరమ్మ డైరీ తీసింది. హుషారు గురించి ఒక్క ముక్క లేదు. మొదటి పేజీలో అంకెలు. అయిదు, ముప్ఫై నాలుగు, ఇరవై ఎనిమిది, ముప్ఫై ఆరు. రెండో పేజీలోనూ అవే, మూడో పేజీలోనూ అవే. రాత మాత్రం పేజీ పేజీకీ లావవుతూ వచ్చింది.

ఇంకెవరైనా అయితే ఏ ఫోన్ నంబరో అనుకునేవాళ్లు. ఆవిడకి మాత్రం అవి ఒంటి కొలతలుగా కనిపించాయి. ఛాతీ ముప్ఫై నాలుగు, నడుము ఇరవై ఎనిమిది, తుంటి ముప్ఫై ఆరు. చూస్తుంటే మనిషి కళ్ల ముందు నిలబడింది. వయసులో ఉన్నది, నాజూకైనది. ఆవిడ నడుము ముప్ఫై ఎనిమిదై ఏళ్లయింది. ఒక్క ఆ అయిదే ఎక్కడా అతకలేదు. అయిదు అంగుళాలది ఒంటి మీద ఏముంటుంది? మెడ పట్టీ ఏమో అనుకుంది. ఇంట్లో ఇంత దర్జీని పెట్టుకుని, దానికి గౌను ఇంకో దర్జీ దగ్గర కుట్టిస్తాడా! ఏడుపు ముందొచ్చిందో కోపం ముందొచ్చిందో ఆవిడకే తెలియలేదు.

ఆ వారం బట్టలు కుట్టించుకోవడానికొచ్చిన ప్రతి ఆడమనిషినీ నేరస్తురాలిలా కొలిచింది. ఒక బడి టీచరమ్మకి ఛాతీ ముప్ఫై నాలుగొచ్చింది, నడుము ఇరవై ఎనిమిదొచ్చింది. టేపు కిందికి జార్చి బిగించింది. ముప్ఫై ఏడున్నర తేలేసరికి ఆ పిల్ల బతికిపోయింది.

శనివారం ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లగానే ఆవిడ చెప్పుల్లేకుండా వెనకే దిగింది. కాపురం ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేలిపోవాలి. ఆయన మెట్ల కడ్డీ మీద చెయ్యి ఆనించి దిగుతున్నాడు. గేటు దగ్గర ఆగి, వీధి దీపం కింద నుంచి మలుపు దాకా వెళ్లి పక్కకి తిరిగాడు. ఆవిడ గోడ పక్కనుంచి తొంగిచూసింది. ఆయన నిలబడింది ఏ ఇంటి ముందో కాదు, తన దుకాణం ముందే. షట్టరు తడిమి, తాళం తడిమి, తాళంచెవి పెట్టి తిప్పాడు. మళ్లీ తాళం వేశాడు. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

మలుపు దగ్గర ఎదురుగా పెళ్లాం వచ్చి నిలబడి ఉంటే చూడలేదు. పెదవులు కదులుతున్నాయి, కళ్లు మూసుకుని ఉన్నాయి. "ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు..." చాపిన చెయ్యి వచ్చి ఆవిడ భుజం మీద పడింది. కళ్లు తెరవకుండానే ఆయన ఆగిపోయాడు.

"దారికడ్డంగా ఏంటి నువ్వు?"

"ఎవతె అది?" అంది ఆవిడ. "ఆ ముప్ఫై నాలుగు, ఇరవై ఎనిమిది ఎవతె?"

డైరీ చూసిందని ఆయనకి అప్పుడు అర్థమైంది. "మన మెట్లు ముప్ఫై నాలుగు. గేటు నుంచి ఈ మలుపు దాకా ఇరవై ఎనిమిది అడుగులు. ఇక్కడినుంచి దుకాణం ముప్ఫై ఆరు. దగ్గర చూపు ఎప్పుడో మసకబారింది. ఇప్పుడు దూరం కూడా పోతోంది. కంటి నరం ఎండిపోతోందట, మందుల్లేవట. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర చూపు ఉంటుందన్నాడు డాక్టరు."

కత్తెరమ్మ టీచరమ్మ నడుముకి టేపు బిగించిన తన చేతుల్ని చూసుకుని సిగ్గుపడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు చెయ్యి పట్టుకుని నడిపిస్తావు. దారిలో ఉన్నవన్నీ తీసేస్తావు. ఇక ఒంటరిగా నడవడం నాకెప్పటికీ రాదు."

నిజమే. సరిగ్గా అదే చేసేది. ఆవిడ భోరున ఏడ్చేసింది, వీధిలో ఉన్నానని కూడా చూడలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, దర్జీది కదా, లెక్కకి రానిదాన్ని వదల్లేక అడిగింది.

"మరి మొదట్లో ఆ అయిదేంటి?"

"మంచం దగ్గర్నుంచి నీ మిషన్ దాకా," అన్నాడు ఆయన. "అన్నిటికంటే ముందు అదే నేర్చుకున్నా."

మర్నాడు ఆదివారం. ఆయనకి తెలియకుండా ఆవిడ అంతకు ముందే మాట్లాడి పెట్టిన ఇద్దరు మనుషులు మిషన్ జరపడానికొచ్చారు. ఆవిడ గుమ్మంలోంచే వాళ్లకి టీ ఇచ్చి పంపేసింది. తర్వాత బజారుకెళ్లి, ఆ చీకటి మూలకి సరిపడా ఒక దీపం కొనుక్కొచ్చింది.