మంగళవారం టికెట్లు

మొన్న మా అమ్మాయి ఫోనులో విమానం టికెట్లు చూస్తూ, "మంగళవారం కొంటే చవకంట" అంది. నా మనసు చివుక్కుమంది.

నా ఎనిమిదో ఏట మేం చెన్నై కోడంబాక్కంలో ఉండేవాళ్లం. విశాఖలో అమ్మమ్మకు జబ్బు ముదిరిందని శుక్రవారం కబురొచ్చింది. రైళ్లలో చోటు లేదు. నాన్న ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, విమానం ధర చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"మంగళారం సగానికి పడిపోద్దంట. అప్పటిదాకా ఆగుదాం."

"మంగళారం ప్రయాణం వద్దంటే నన్ను ఎగతాళి చేస్తారు. ఇప్పుడు మీకదే మంచిరోజైపోయిందా?" అంది అమ్మ.

"నీది మూఢనమ్మకం. నాది లెక్క."

నాకు నాన్న మాటే నచ్చింది. మంగళవారం దాకా ఆగమని నాన్న విశాఖలో ఉన్న మామయ్యకు చెప్పాడు కాబట్టి, అమ్మమ్మ కూడా ఆగుతుందనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మామయ్య ఫోను చేశాడు, అమ్మమ్మ పోయిందని. నాన్న పరుగున వెళ్లి, ధర చూడకుండా టికెట్లు కొన్నాడు.

మూఢనమ్మకాల మీద నేనెన్నో సభల్లో నిప్పులు చెరిగాను. ఆ మంగళవారం లెక్క కూడా ఎవరో చెబితే నాన్న నమ్మిందేనని, దాన్ని ఒక్కసారీ పరీక్షించి చూడలేదని పెద్దయ్యాకే తెలిసింది. ఆయన పిసినారి కాదు, చిన్న జీతగాడు.

విమానంలో అమ్మ ఏమైనా అంటుందేమోనని ఆయన దారంతా ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు.