ఒబ్దూలియా ఇంటి వేడినీళ్ళు

పొద్దున్నే పొయ్యి రాజేసి, మొక్కజొన్న గింజల కుండ ఎక్కించాక ఎతెల్వినా చేసే మొదటి పని వంటింటి కిటికీలోంచి ఒబ్దూలియా ఇంటివైపు చూసి కుళ్ళుకోవడం. ఆ ఇంటి రేకుల మీద నల్ల డ్రమ్ము ఒకటి ఉంటుంది. డ్రమ్ము కింద స్నానాలగది. అందులో గోడకి బిగించిన షవర్, స్విచ్ వేస్తే చాలు, వేడినీళ్ళు ధారగా పోస్తుంది. రూమిపంబ ఊరు మొత్తానికి అలాంటిది అదొక్కటే.

"చన్నీళ్ళతో పెరిగిన ఒళ్ళు రాయిలా ఉంటుంది. వేడినీళ్ళు పోసుకునేవాళ్ళ ఒళ్ళు ఉడికిన బంగాళాదుంపే. ఆ నీళ్ళలో నా చిటికెనవేలు కూడా పెట్టను" అని కాలువ దగ్గర, చర్చి మెట్ల మీద, బస్సు ఆగేచోట, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

న్యాయంగా చూస్తే ఆమె బాధలో నిజం లేకపోలేదు. వీపున మూట వేసుకుని ఎక్వడార్ కొండలన్నీ తిరిగే పరదేశులకి ఈ ఊళ్ళో మొదట చోటిచ్చింది ఆమే. అప్పటికింకా ఊరికి బస్సు లేదు. వానకి తడిసి ముద్దయి, దారి తప్పి వచ్చిన ఒక జంటను చూసి అందరూ తలుపులు వేసుకున్నారు. ఆ తలుపుల్లో ఒబ్దూలియాదీ ఒకటి. ఎతెల్వినా తన మంచం వాళ్ళకిచ్చి, మొగుడు సెగుందోతో కలిసి వంటింట్లో కుయ్‌ల మధ్య పడుకుంది. కోసుకు తినడానికి పెంచే, కుందేలు పిల్లలంత ఉండే ఆ కుయ్‌లు తెల్లవార్లూ వాళ్ళ కాళ్ళ మీద పరుగులు తీశాయి.

ఆ జంట వెళ్ళి ఎవరికి చెప్పారో గాని, తర్వాత ఏటా ఒకరిద్దరు రావడం మొదలైంది. ఊరికే తిని పోకుండా బళ్ళో పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు, బోడికొండల మీద మొక్కలు నాటేవాళ్ళు, కాలువ పూడిక తీసేవాళ్ళు. కొన్నాళ్ళకి ఊరి సభ కూర్చుని, ఈ వలంటీర్లని ఇంటింటికీ వంతులు వేసింది. అందరికన్నా చివర పేరిచ్చింది ఒబ్దూలియా. చివర వచ్చిన మనిషి చివర ఉండాలి కదా. ఉండకుండా షవర్ బిగించింది.

ఈసారి వచ్చిన పిల్ల పేరు సాస్కియా, హాలండు నుంచి. మొదటి వంతు ఎతెల్వినాదే. తలుపుకి తల తగిలేంత పొడుగు, ఎంత తిన్నా ఇంకా ఆకలే. నడుస్తూ నడుస్తూ కదురు తిప్పి ఉన్ని వడకడం ఎతెల్వినాయే నేర్పింది. ఆ పిల్ల దారం తెంపినప్పుడల్లా ఇద్దరూ దారి మధ్యలో నిలబడి నవ్వుకునేవాళ్ళు. ఆ పిల్ల ఆమెని "మామీతా" అని, అంటే అమ్మా అని పిలిచేది. కన్నకూతురు ఖిమెనా కూడా ఎన్నడూ అంత ముద్దుగా పిలవలేదు.

బంగాళాదుంపల తవ్వకం అయిపోగానే వంతు మారింది. సాస్కియా తన మూట భుజానికెత్తుకుని "రోజూ వస్తాను మామీతా" అంటూ ఒబ్దూలియా ఇంటికి వెళ్ళింది. కొన్నాళ్ళు రోజూ వచ్చింది. తర్వాత రోజు విడిచి రోజు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆ జుట్టు సబ్బు వాసన వేసేది. ఒకరోజు ఎతెల్వినా పెరట్లో బట్టలు ఆరేస్తుంటే "మామీతా" అన్న కేక వినపడింది. "వస్తున్నానే తల్లీ" అంటూ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పిలుపు ఆమెకి కాదు. కంచె అవతల ఒబ్దూలియా "ఏంటమ్మా" అని జవాబిస్తోంది.

ఆ పూట ఎతెల్వినా అన్నం ముట్టలేదు.

"ఒక పిల్లకి ఇద్దరు తల్లులేంటయ్యా" అని మొగుణ్ణి నిలదీసింది.

"పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదే. నాలుగు రోజులు పోతే మొహం మొత్తుతుంది" అన్నాడు సెగుందో.

"పుల్లకూర కాదు, వేడినీళ్ళు. అవి మొహం మొత్తవు" అంది ఎతెల్వినా.

ఒబ్దూలియా విధవరాలు. పిల్లల్లేరు. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. ఊళ్ళో ఎవరింట్లో పసిబిడ్డకి జ్ఞానస్నానం జరిగినా, తొలి జుట్టు తీసినా, జ్ఞానతల్లిగా ఉండమని ఆమెని ఎవరూ అడగలేదు. గొడ్రాలి చెయ్యి పసివాళ్ళ తలకి మంచిది కాదని ఒక మాట ఊళ్ళో తిరుగుతుండేది. ఆ మాటని ఎతెల్వినా కూడా తిప్పింది, ఒకసారి ఒబ్దూలియాకి వినపడేలాగే. అందుకే ఆ ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళూ ఎకసెక్కాలే తప్ప మంచీచెడూ లేదు.

కాలువ పూడిక తీసే మింగ, అంటే ఊరుమ్మడి పని రోజున ఇంటికో మనిషి చొప్పున ఊరంతా పారలతో కదిలింది. మధ్యాహ్నం గడ్డి మీద పొడుగాటి గుడ్డ పరిచి, ఎవరింటి నుంచి తెచ్చింది వాళ్ళు ఆ గుడ్డ మీద కుమ్మరించారు. ఉడికిన మొక్కజొన్న, చిక్కుళ్ళు, దుంపలు అన్నీ ఒకే వరసలో. ఎవరిది ఎవరు తిన్నారో తెలియకూడదన్నదే అక్కడి పద్ధతి. ఎతెల్వినా మాత్రం సాస్కియా ఎక్కడ కూర్చుందో చూసుకుని, తన గింజలు సరిగ్గా ఆ పిల్ల మోకాళ్ళ ముందే పోసింది. ఆ పిల్ల ఒబ్దూలియా పక్కన కూర్చుని ఉంది. భుజాల మీద ఒబ్దూలియా శాలువా ఉంది.

"ఏమే ఎతెల్వినా, ఈ గింజలు తినమని పెట్టావా, పళ్ళు రాలగొట్టుకోమని పెట్టావా? ఇంకో పొంగు రానివ్వాల్సింది" అంది ఒబ్దూలియా.

"స్విచ్ వేస్తే ఉడకవు మరి. గింజలు ఉడకాలంటే మనిషి పొయ్యి దగ్గర కూర్చోవాలి" అంది ఎతెల్వినా.

అందరూ నవ్వారు. సాస్కియా కూడా నవ్వింది. ఆ నవ్వు తన మాటకో, ఒబ్దూలియా మాటకో ఎతెల్వినాకి తేలలేదు.

సాస్కియా వచ్చీరాని స్పానిష్‌లో చెప్పింది, ఊరి పండగ కాగానే వెళ్ళిపోతానని, వచ్చే ఏడు తప్పకుండా మళ్ళీ వస్తానని. "ఎవరింటికి?" అని ఎవరో అడిగారు. నోటినిండా చిక్కుళ్ళున్నాయేమో, "ఇంటికే" అని చెయ్యి ఊరివైపు ఊపింది. ఆ చెయ్యి ఒబ్దూలియా ఇంటివైపే తిరిగినట్టు ఎతెల్వినాకి కనపడింది. ఆ నిమిషం నుంచీ ఆమెకి ఒకటే పట్టుదల. వచ్చే ఏడు ఆ పిల్ల మూట దిగేది తన గుమ్మంలోనే కావాలి.

దానికి ఒక దారి ఉంది. ఖిమెనా కూతురు, మనవరాలు నాయెలీకి పుట్టినప్పటి నుంచీ కత్తెర తగల్లేదు. జుట్టు నడుము దాటి, దువ్వెన పెడితే ఏడుపు. తొలి పాయ కత్తిరించే ఆడమనిషి ఆ పిల్లకి జ్ఞానతల్లి అవుతుంది, ఇంటివాళ్ళకి కొమాద్రే అవుతుంది. అదొకసారి కలిస్తే చచ్చేదాకా తెగని బంధుత్వం, మధ్యలో సముద్రం ఉన్నా సరే. కొమాద్రే ఊళ్ళోకి వస్తే ఇంకొకరింట్లో దిగదు. దిగితే ఊరు ఊరుకోదు. ఖిమెనా కూడా "నీ ఇష్టమే అమ్మా" అనేసింది.

"అడగాలంటే ఆ పిల్లని ఇక్కడికే పిలిచి అడిగితే పోలా?" అన్నాడు సెగుందో.

"పిలిచి అడగడం పనికి పిలిచినట్టు. బంధుత్వానికైతే పళ్ళెం మోసుకెళ్ళాలి. పైగా ఒబ్దూలియా చూస్తుండగా అడగాలి. అది చూడాలి, చూసి ఉడకాలి."

"నీ కడుపుమంటకి నన్ను కూడా కట్టెల్లో వేస్తున్నావే" అన్నాడు గాని, పండగ బట్టలు తొడుక్కున్నాడు.

ముందే తెలిస్తే ఒబ్దూలియా అడ్డుపుల్ల వేస్తుందని ఎతెల్వినా ఎవరికీ చెప్పలేదు. సాస్కియాకి కూడా చెప్పలేదు. ఆదివారం పొద్దున తన కుయ్‌లలో బాగా బలిసిన వాటిని ఏరి, శుభ్రం చేసి, వెల్లుల్లి పట్టించి, బొగ్గుల మీద తిప్పి తిప్పి ఎర్రగా కాల్చింది. దుంపలు, గుడ్లు పేర్చి, పైన కాల్చిన కుయ్‌లని పెట్టి, కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పింది. మెదియానో అంటే అదే. తను ఆ పళ్ళెం పట్టుకుంది, సెగుందో మొక్కజొన్న కల్లు చీచా కూజా పట్టుకున్నాడు. పండగ టోపీలు పెట్టుకుని, దారిలో పలకరించినవాళ్ళకి జవాబివ్వకుండా నడిచారు. మెదియానో మోసేవాళ్ళు నోరు విప్పకూడదు. లోపలికి వెళ్ళి, టోపీ తీసి, పళ్ళెం దించి, చీచా పోశాకే మాట.

ఒబ్దూలియా ఇంటి తలుపు తీసే ఉంది. వెలుతురులోంచి వచ్చిన కళ్ళకి లోపల చీకటిగా ఉంది. ఎతెల్వినా టోపీ తీసి, మోకాళ్ళ మీద వంగి పళ్ళెం దించింది. తలెత్తి చూసేసరికి గదిలో ఒబ్దూలియా ఒక్కతే, చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుని ఉంది. సాస్కియా పిల్లల్ని తీసుకుని కొండమీద మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళింది.

ఒబ్దూలియా పళ్ళేన్ని చూసింది. ఒళ్ళోని చిక్కుళ్ళు కిందపడ్డా పట్టించుకోలేదు. లేచి చేతులు కడుక్కుంది. గోడకున్న మేకు నుంచి తన మంచి శాలువా తీసి కప్పుకుంది. వచ్చి, పళ్ళేనికి అవతల తనూ మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డ తీసి, కుయ్ కాలు ఒకటి విరిచి, కొరికింది. పద్ధతి ప్రకారం, కొరికితే ఒప్పుకున్నట్టే.

"ఇంత పెద్ద ఊళ్ళో ఈ గుమ్మంలోకి ఎవరూ పళ్ళెం తేలేదు" అంది. నోట్లో ముద్ద ఉండగానే కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "తెస్తే గిస్తే ఎవరైనా తేవాలి గాని, నువ్వు... మీరు తెస్తారని కలలో కూడా అనుకోలేదు కొమాద్రే. నాయెలీ జుట్టుకేనా?"

ఎతెల్వినా నోరు తెరిచింది. ఇది నీక్కాదు అనడానికి చాలినంత ఊపిరి కూడా పీల్చింది. అంతలో ఒబ్దూలియా గడ్డం మీద మెరుస్తున్న కొవ్వు, ఆ కళ్ళు, ఆ మంచి శాలువా కనపడ్డాయి. మేకుకి అంత సిద్ధంగా వేలాడుతున్న శాలువా ఏ పళ్ళెం కోసం ఎదురుచూస్తోందో ఆమెకి అప్పుడు తెలిసింది. గొడ్రాలి చెయ్యి అంటూ తను తిప్పిన మాట గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

"నాయెలీకే" అంది చివరికి. "ఉప్పు సరిపోయిందా కొమాద్రే?"

సెగుందో గబగబా చీచా పోశాడు.

ఇంటికి వెళ్ళేదాకా బిగపట్టి, గడప దాటగానే టోపీ నేలకేసి కొట్టింది ఎతెల్వినా.

"నా కుయ్‌లు! కంటికి రెప్పలా పెంచుకున్న నా కుయ్‌లు దాని నోట్లో పెట్టొచ్చాను."

"కొమాద్రే నోట్లో" అని సర్దాడు సెగుందో.

"నువ్వు నోర్ముయ్."

పండగ నాడు నాయెలీని గుమ్మం ముందు పీట మీద కూర్చోబెట్టారు. సాస్కియా పూలు పరిచిన పళ్ళెం పట్టుకుంది. సంగతి విన్నరోజు ఆ పిల్ల చప్పట్లు కొట్టి ముందు ఒబ్దూలియానే వాటేసుకుంది, అది ఎతెల్వినా మరిచిపోలేదు. ఒబ్దూలియా కత్తెర పట్టింది. ఊరంతా ఆ చేతివంకే చూసింది. తొలి పాయ పూల మీద పడగానే నాయెలీ భయపడి, దగ్గరున్నది ఎవరో చూసుకోకుండా మెడ చుట్టూ చేతులు వేసి అతుక్కుపోయింది. ఆ మెడ ఒబ్దూలియాది. అమ్మమ్మ వచ్చి తీసుకోబోతే చేతులు వదల్లేదు. ఒక పిల్లని తిరిగి సంపాదించుకోబోయి రెండోదాన్ని కూడా ఇచ్చేశాను కదా అని ఎతెల్వినా గుండె భగ్గుమంది.

సాస్కియా వెళ్ళేనాడు బస్సు దగ్గర, ఒబ్దూలియా, నాయెలీ పక్కనుండగానే, ఎతెల్వినా ఇక ఆపుకోలేక సూటిగా అడిగేసింది.

"వచ్చే ఏడు ఎవరింట్లో దిగుతావే?"

"ఎవరింట్లో అయితే ఏంటి మామీతా, ఇప్పుడు మీ ఇద్దరిదీ ఒకటే కుటుంబం కదా."

"అది జవాబు కాదు" అంది ఎతెల్వినా. సాస్కియా నవ్వి, ఇద్దరికీ చెరో ముద్దు పెట్టి, ఆ మూటతో తలుపులో ఇరుక్కుంటూ బస్సెక్కింది.

దుమ్ము అణగ్గానే నాయెలీ ఒబ్దూలియా శాలువా అంచు పట్టుకుంది. "వేడినీళ్ళు" అంది. ఆ పిల్లకి ఇప్పుడు ఆదివారం వస్తే అదే పని.

"తీసుకెళ్ళనా కొమాద్రే?" అని అడిగింది ఒబ్దూలియా. కొమాద్రే అడిగితే కాదనకూడదు. ఎతెల్వినా తలూపి ఇంటికొచ్చింది. పొయ్యి చల్లారి ఉంది. కిటికీలోంచి చూస్తే నల్ల డ్రమ్ము కింద సందుల్లోంచి ఆవిరి వస్తోంది, మనవరాలి కేరింతలు వినపడుతున్నాయి. కాసేపు నిలబడింది. కాసేపు కుళ్ళుకుంది. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, సెగుందో చూడకుండా పెరటి దారిన వెళ్ళింది.

"కొమాద్రే, నీళ్ళు ఇంకా ఉన్నాయా?"

చిటికెనవేలి మాట ఒబ్దూలియా ఎత్తలేదు. నాయెలీని తుడిచి బయటికి తెచ్చి, స్విచ్ చూపించింది. ఎత్తకపోవడమే ఎతెల్వినాని ఎక్కువ గుచ్చింది.

నీళ్ళు ముందు తల మీద, తర్వాత మెడ మీద, తర్వాత ఏళ్ళ తరబడి చన్నీళ్ళకీ దుంపల బస్తాలకీ బిగుసుకుపోయిన వీపు మీద పడ్డాయి. ఆమె గోడకి చెయ్యానించి నిలబడిపోయింది. సాస్కియా ఎందుకు వెళ్ళిందో ఆమెకి తెలిసింది. ఈ నీళ్ళకైతే నేనైనా వెళ్ళేదాన్నే అనుకుంది.

బయట నాయెలీ ఒబ్దూలియాకి ఏదో చెప్తూ పకపకా నవ్వుతోంది. ఆ నవ్వుకి మళ్ళీ చురుక్కుమంది.

"కొమాద్రే, పిల్లని మరీ గారం చెయ్యకండి" అని లోపల్నుంచి అరిచింది.

"ముందు మీరు సబ్బు రుద్దుకోండి కొమాద్రే" అంది ఒబ్దూలియా. "డ్రమ్ము అయిపోతే ఇంటికెళ్ళి మళ్ళీ చన్నీళ్ళే."

ఎతెల్వినా సబ్బు అందుకుంది. డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా బయటికి రాలేదు.