వదినె కొంగులో నా మెట్టె

2007 ఆగస్టు 17, శుక్రవారం. నా ఎడమ పాదం ఉంటుందో పోతుందో తేలిన రోజు. అప్పుడు నాకు యాభై తొమ్మిదేళ్లు. మాది ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి వ్యాపారం. షుగర్ వల్ల ఆ పాదానికి స్పర్శ పోయింది. దాని మీద పుండు రెండేళ్లుగా మానలేదు. తొడ చర్మం తీసి ఒకసారి అతికించారు గానీ, కట్టు విప్పితే గుడ్డతో పాటే ఊడి వచ్చింది. నాకు నొప్పి కూడా తెలియలేదు.

రెండో ఆపరేషన్‌కు మెట్టె తీయమన్నారు. మా ఆయన అక్క దాన్ని కొంగున ముడేసుకుంది. డాక్టరు నా రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి, పైకి తేలిన పచ్చటి నీరు చూపించారు.

"గిదేంది సారూ, చీము లెక్కున్నది! మళ్ల పుండుకే పెడ్తరా?" అంది వదినె.

"చీము కాదమ్మా, ఆమె రక్తంలోదే. దీంతో చర్మం బాగా పట్టుకుంటుంది. ఈసారీ పట్టకపోతే పాదం తీసెయ్యాలి."

"పాదం తీస్తే మెట్టె యాడ పెట్టాలె?"

డాక్టరు ఆ నీటినే పుండుకు రాసి, కొత్త చర్మం అతికించి కట్టు కట్టారు.

ఆ శుక్రవారం కట్టు విప్పుతుంటే నేను వదినె ముఖమే చూస్తూ కూర్చున్నాను. చివరి గుడ్డ లేచింది. చర్మం లేవలేదు.

"పట్టిందమ్మా," అన్నారు డాక్టరు. "మెట్టె మాత్రం వదులుగా పెట్టండి."

వదినె కొంగుముడి విప్పి నా కాళ్ల దగ్గర కూర్చుంది. "ఇగో, పెట్టిన. ఒత్తుతున్నదా?"

నాకేమీ తెలియలేదు. వంగి చూస్తే మెట్టె వేలికే ఉంది. ఇప్పటికీ పొద్దున లేవగానే చూసుకుంటాను. పాదం ఉందని నాకు చెప్పేది నా కళ్లే.