ఎవరూ చూడని హార్మోనియం

జియాయి నగరం దగ్గరి ఆ చిన్న ప్రాథమిక పాఠశాలలో ఫాంగ్ మేయిన్‌కు తెలియకుండా కుర్చీ కూడా జరిగేది కాదు. ముప్పై ఒక్క ఏళ్లుగా బడి సామానుకంతా ఆమే పూచీ. ప్రతి బల్లకీ, బీరువాకీ, ఫ్యానుకీ నంబరు చీటీ అంటించింది ఆమే. చీటీ చిరిగితే కొత్తది అడగడానికి టీచర్లు జంకేవారు, పాతది ఎలా చిరిగిందో ముందు చెప్పుకోవాలి మరి. ఆమె స్టాఫ్ రూంలో అడుగు పెడితే చాలు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ కుర్చీల కింద చేతులు పెట్టి చీటీ ఉందో లేదో తడుముకునేవారు.

వచ్చే నెల ఆమె పదవీ విరమణ. ఈలోగా సామానంతా చూపించి, ఆమె స్థానంలోకి వచ్చిన కాయో యిరోంగ్ చేత జాబితా మీద సంతకానికి బదులుగా పేరు ముద్ర వేయించుకోవాలి. అది పడనిదే పింఛను కాగితాలు కదలవు. కాగితాల మాట అలా ఉంచితే, ఒక్క మరక లేకుండా దిగిపోవాలన్నది మేయిన్ పంతం.

యిరోంగ్ నలభై దాటిన మనిషి. మెత్తగా మాట్లాడుతుంది, మెత్తగానే పట్టిన పట్టు విడవదు. లెక్కకు రెండు వారాల ముందే ఇద్దరూ టీ పెట్టుకుని పథకం వేయడానికి కూర్చున్నారు.

"అక్కా, లెక్క ఏ రోజో ముందే చెబితే టీచర్లు పక్క గది కుర్చీలు ఎత్తుకొచ్చుకుంటారటగా."

"అందుకే చెప్పను. పిల్లలు ఆటల పోటీలకు వెళ్లిన రోజు మొదలుపెడదాం. పై అంతస్తు నుంచి కిందికి. చూసిన గదికి చూసినట్టే తాళం. లేకపోతే ఒకే కుర్చీ మూడు గదుల్లో హాజరు పలుకుతుంది."

"జాబితాలో నేనొక గడి కలిపానక్కా. ఏ వస్తువు ఎక్కడుందో ముందే రాసుకుంటే తిరగడం తేలిక."

"ఇలా ఇవ్వు. కుర్చీలోంచి లేవకుండా రాస్తాను చూడు."

రాసింది కూడా. పదకొండు వందల వస్తువులు, చకచకా. కాళ్లతో తొక్కి వాయించే హార్మోనియం, ఒకటి, అన్న వరస దగ్గర కలం ఆగింది.

"టీ చల్లారిపోతోందక్కా."

"చల్లారనీ."

ఆ హార్మోనియాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఉద్యోగంలో చేరిన రోజు, అంతకుముందు సామాను పూచీ చూసుకున్న లై మాస్టారు "వెనక గోదాములో ఉందమ్మా" అన్నారు. అంత పెద్దాయనను చూపించమని ఎలా అడుగుతుంది? ముద్ర వేసేసింది. మరుసటి ఏడు నుంచి నిరుటి టిక్కును చూసి ఈ ఏటి టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. ఊరందరి చీటీలూ నిలదీసిన మనిషి చేసిన పని ఇది!

ఆ సాయంత్రమే గోదామంతా తిరగేసింది. చిరిగిన వలలు దొరికాయి, బల్లులు దొరికాయి. ఆదివారం అనాస కేకుల డబ్బా పట్టుకుని లై మాస్టారింటికి వెళ్లింది. ఆయనకు తొంభై దాటినా చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

"ఆ హార్మోనియం ఎలా ఉండేది మాస్టారూ?"

ఆయన డబ్బా మూత తీశారు. "నేనెప్పుడు చూశాను తల్లీ? నాకు ముందాయన గోదాములో ఉందన్నాడు. పెద్దమనిషిని చూపించమని ఎలా అంటాను?"

"మరి నాకెందుకు ఉందని చెప్పారు?"

"నువ్వు అడుగుతావేమోనని ఎంత భయపడ్డానో. అడగలేదుగా." అంటూ కేకు తుంచుకున్నారు.

సోమవారం యిరోంగ్ ఆ ఖాళీ గడి చూసింది. మేయిన్ ముఖం చూసి సంగతి పోల్చుకుంది.

"గోదాము అని రాసేయండక్కా, ముద్ర వేసేస్తాను. లేదని రాస్తే విచారణంటారు, మీ కాగితాలు ఎన్నాళ్లు ఆగుతాయో. పెద్దవారు, మిమ్మల్ని చూపించమని నేనెలా అడుగుతాను?"

మేయిన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాట రాస్తే చాలు, ఇన్నేళ్ల పేరూ చెక్కుచెదరదు. కలం గడి మీద పెట్టింది కూడా. ఎదురుగా యిరోంగ్ తల వంచుకుని, అప్పుడే ముద్రకు సిరా అద్దుతోంది. మేయిన్‌కు సిగ్గేసింది, ఆ వెంటనే కోపమొచ్చింది.

"అడుగు," అంది.

"ఏమిటక్కా?"

"చూపించమని అడుగు. నోరు తెరిచి అడుగు."

యిరోంగ్ బల్లకేసి చూస్తూ గొణిగింది. "హార్మోనియం చూపిస్తారా అక్కా?"

"లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు."

ఆ మాటలే గడిలో రాసి, కింద తన ముద్ర వేసింది.