నీళ్ల దారి గేటు

సిటీ శివారు టూంగాబీలోని అపార్ట్‌మెంట్ వదిలి ఈ పశువుల ఫామ్‌కి వచ్చి రెండేళ్లయింది. మా ఆయన ఇక్కడ బోర్లు, పంపులు, కంచెలు చూస్తాడు. యజమానురాలు అరవై దాటిన మనిషి. భర్త పోయాక ఒక్కతే నడుపుతోంది. మా పర్మనెంట్ వీసా కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆమే.

ఆమె కొన్ని బీళ్లను యూనివర్సిటీ వాళ్లకిచ్చింది. మందను ఒక బీడులో కొన్నాళ్లు మేపి ఇంకోదానికి మారుస్తారు. ఖాళీగా వదిలిన నేల ఎలా కోలుకుంటుందో చూడడం వాళ్ల పని. కొన్ని ఆవుల మెడలకు పట్టీలు కట్టారు. అవి ఎక్కడున్నాయో పది నిమిషాలకోసారి మ్యాప్ మీద ఒక చుక్క పడుతుంది. నేను బాటనీ చదివానని తెలిసి, ఆ పరిశోధకురాలు నన్నూ మట్టి తీయడానికి పిలిచేది. ఇనుప గొట్టాన్ని నేలలోకి దించి పైకి లాగితే మట్టి పొరలుగా వచ్చేది. పైన వేళ్లతో నల్లగా, కింద ఎర్రగా. ఈ దేశంలో నా చదువు పనికొచ్చిన చోటు అదొక్కటే.

మొదటి రోజే యజమానురాలు చెప్పింది. “గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచు. మూసి ఉంటే మూసే ఉంచు. ఇంకే రూలూ లేదు, డార్లింగ్.”

ఇక్కడ నడివేసవి అయిన జనవరిలో ఒక సాయంత్రం పాపతో నడకకు వెళ్లాను. మూడేళ్ల పిల్ల చెయ్యి విడిపించుకుని, తెరిచి ఉన్న గేటులోంచి అటు పరిగెత్తింది. అటువైపు లోతైన నీళ్ల తొట్టి ఉంది. పిల్లను ఎత్తుకొచ్చి గేటు లాగి గొలుసు తగిలించాను. బాల్కనీ తలుపు, వంటగది తలుపు, మెట్ల దగ్గరి తలుపు, మూడేళ్లుగా నా చేతులకు మూయడమే అలవాటు. ఇటువైపు బీడులోని మంద తాగేది ఆ తొట్టిలోనే అన్న ఆలోచనే రాలేదు.

మర్నాటి నుంచి అరుపులు మొదలయ్యాయి. అంతకు ముందు నెలలో దూడల్ని తల్లుల నుంచి విడదీసినప్పుడు కూడా అలాగే అరిచాయి. “మూడు రాత్రులు ఏడుస్తాయి, తర్వాత మరిచిపోతాయి,” అంది అప్పుడు యజమానురాలు. ఇప్పుడామె దూరంగా పశువుల సంతకు వెళ్లింది; పోయే ముందు మిగతా దూడల్నీ విడదీసి ఉంటుందనుకున్నాను. మా ఆయన ఫామ్ ఆ చివర, బోరు దగ్గరే మకాం.

“మమ్మా, కౌస్ ఆర్ క్రయింగ్,” అంది పాప.

“వాటి పాపాయిలు స్కూలుకెళ్లినయమ్మా,” అని కిటికీ మూసి కార్టూన్ పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నానికి అరుపులు ఆగిపోయాయి. మరిచిపోయాయనుకున్నాను. సాయంత్రం తిరిగొస్తూ మా ఆయన చూశాడు. గేటు దగ్గర ఐదు ఆవులు చచ్చి పడి ఉన్నాయి, మిగతావి అరిచే ఓపిక లేక కూలబడి ఉన్నాయి. అవతల తొట్టి నిండుగా ఉంది.

రెండు రోజులకు పరిశోధకురాలు వచ్చి యజమానురాలి వంటగదిలో ల్యాప్‌టాప్ తెరిచింది. మామూలు రోజుల్లో చుక్కలు బీడంతా చల్లిన ఆవాల్లా ఉంటాయి. ఆ మూడు రోజులవి గేటు దగ్గర ముద్దకట్టాయి. అక్కడి నుంచి ఒక గీత కంచె వెంట చివరిదాకా వెళ్లి గేటుకే తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది.

“గేటు మూతపడిన రోజు మట్టి తీయడానికి వచ్చింది మీవాళ్లే కదా?” అంది యజమానురాలు.

“గేటు ముట్టుకోలేదంటున్నారు. కానీ ఇంకెవరుంటారు? మేమే అయ్యుంటాం. సారీ,” అంది పరిశోధకురాలు.

“నీ సారీ నా ఆవులు తాగవు. నెలాఖరుకి మీ పట్టీలు, గొట్టాలు అన్నీ తీసుకుపొండి.”

“ఏడేళ్ల పని,” అని మాత్రం అంది పరిశోధకురాలు. నేను సింక్ దగ్గర, కడిగిన కప్పే మళ్లీ కడుగుతున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. “గేటు నేనే మూసిన.”

ఆయన చాలాసేపు బూటు లేసు విప్పుతూనే ఉన్నాడు. “ఎవరికన్న చెప్పినవా?”

“లేదు.”

“చెప్పకు. సంతకం పడేదాంక నోరు తెరవకు. నువ్వు చెప్తే ఆవులు లేచొస్తయా? యూనివర్సిటోళ్లకేంది, ఇంకో ఫామ్ దొరుకుతది.”

“ఏడేండ్ల పని పోతది వాళ్లది.”

“మనది పోతే?”

ఆ రోజు నుంచి నాకు అరుపుల కంటే నిశ్శబ్దమే భయం. పాప చప్పుడు చేయకుండా ఆడుకుంటుంటే పరిగెత్తి చూస్తాను. రాత్రి తలుపులన్నీ మూస్తాను, లోపల ఏదైనా చిక్కుకుందేమోనని మళ్లీ తెరుస్తాను. పాప మంచం పక్కన నీళ్ల సీసా నిండుగా ఉన్నా పారబోసి నింపుతాను. ఇది రాస్తూ కూడా ఒకసారి లేచి వెళ్లొచ్చాను.

నెలాఖరు వారంలో యూనివర్సిటీ వాళ్లు బీళ్లలో గుర్తుకు పాతిన గుంజలు పీకి బండిలో పెట్టడం మొదలుపెట్టారు. పాపను చంకనేసుకుని యజమానురాలి దగ్గరికి వెళ్లాను.

“గేటు మూసింది నేను. వాళ్లు కాదు. పాప తొట్టిలో పడుతుందని భయపడ్డాను.”

ఆమె నన్ను చూసింది, పాపను చూసింది. “అరుపులు వినలేదా?”

“విన్నాను. దూడల కోసమనుకున్నాను.”

ఆమె కుర్చీలో కూర్చుంది. ఫోన్ తీసి పరిశోధకురాలితో, “సామాన్లు దింపండి. గేటు మీ తప్పు కాదు,” అంది. ఎవరి తప్పో చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, “నీ కాగితాల సంగతి నేనింకా ఏమీ అనుకోలేదు. ఈ రోజు నన్నడక్కు,” అంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తిట్టలేదు. పాపను నా చేతుల్లోంచి తీసుకుని, “సూట్‌కేసులు యాడ పెట్టినం?” అని మాత్రం అడిగాడు.

“మంచం కింద,” అన్నాను.