మొండిదాని నంబరు రేకు

మా మేనత్త బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ల మెకానిక్. మిషను ముందు కూర్చునేది ఆడవాళ్లు, పానా పట్టుకునేది మగవాళ్లు అన్నట్టుండే చోట ఇరవై ఏళ్లు నెగ్గుకొచ్చింది. ముక్కుసూటి మనిషి. ఆమెతో వాదనకు దిగితే తల ప్రాణం తోకకొస్తుంది, నాకు తెలుసు.

ఆ హాల్లో ప్రతి మిషనుకూ ఒక నంబరు రేకు, దానికి తోడు ఒక పేరు. మూడో నంబరు బంగారుతల్లి. పద్నాలుగోది దారం తెంపుతుందని మొండిదైపోయింది. దాని మీద కాలర్లు కుట్టే ఆవిడకు సూపర్‌వైజరు పెట్టిన పేరు నత్త. అందరూ రోజుకు రెండొందలు కుడితే ఆమె నూటనలభై దాటదు. ఈ నెల కూడా ఇంతే అయితే మానిపిస్తానని ఆయన చెప్పేశాడు. ఇద్దరు పిల్లలతో ఇల్లు నడిపేది ఆమె ఒక్కతే.

అత్త మొండిదాన్ని మూడుసార్లు విప్పి చూసింది. ఏ లోపమూ లేదు. నత్తే దారం ఎక్కడ తెగుతుందోనని నాలుగు కుట్లకోసారి ఆగిపోతోంది. భయపడకే అంటే చెవికెక్కలేదు.

సెలవు రోజున మిషన్లకు నూనె వేస్తూ అత్త మొండిదాని రేకూ, బంగారుతల్లి రేకూ ఊడదీసి, ఒకదాని చోట మరొకటి బిగించింది. మిషన్లు కదల్లేదు. మర్నాడు మాత్రం వాటి మీద కుట్టే ఇద్దరితో "మీ ఇద్దరి మిషన్లూ మార్చాను" అని అబద్ధమాడింది. పాపమేమీ అంటలేదు లెండి.

బంగారుతల్లి మీద పదేళ్లుగా కుడుతున్న ఆవిడ మధ్యాహ్నానికే ముఖం మాడ్చుకుంది. "ఈ మొండిదాంతో నావల్ల కాదక్కా. పొద్దున్నుంచి దారం తెగుతూనే ఉంది." నత్త తలెత్తితే ఒట్టు. వారం తిరిగేసరికి రోజుకు రెండొందల పది కుట్టింది.

అప్పుడు అత్త ఇద్దరినీ సూపర్‌వైజరు దగ్గరికి పిలిచి అసలు సంగతి చెప్పింది. ఆయనకు ఒళ్లు మండింది.

"నన్నడక్కుండా రేకులెలా మారుస్తావ్?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

నత్త నోరెళ్లబెట్టింది. "అయితే నేను కుట్టింది మొండిదాని మీదేనా?"

"దాని మీదే. కుట్టింది నువ్వే."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నాకు చెబుతున్నప్పుడు అత్తకూ వచ్చాయి.

సూపర్‌వైజరు కాసేపు గొణిగి, వచ్చే నెల పనివాళ్ల పట్టీ తీశాడు. కలం పట్టుకుని ఆగిపోయాడు. నత్త అక్కడ చేరి మూడేళ్లయింది.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు.

ఆమె చెప్పింది. ఆయన రాసుకున్నాడు.